తీగలు పీకొద్దు, పిన్నునే అడగండి



మన ల్యాబులో అట్టపెట్టెతో చేసిన రైలింజను కంట్రోలు ఉన్నది, చూసే ఉంటారు. పోయిన ఏడాది పదో తరగతి అన్నలు చేసినారు. కంప్యూటరులో రైలు నడిపే ఆటకు దాన్ని తగిలిస్తే కీబోర్డుతో పని లేదు. హారనుకు కాలింగ్ బెల్లు స్విచ్చి, లైటుకు మామూలు స్విచ్చి, బ్రేకుకు పాత రేడియో వాల్యూము కంట్రోలు. ఇంకా రెండు స్విచ్చిలు. అన్నలు పరీక్షలు రాసి వెళ్ళిపోయినారు. ఏ తీగ ఏ పిన్నుకు పోయిందో ఎక్కడా రాయలేదు. తీగలన్నీ ఒకటే ఎరుపు!

మొన్న ఎవరో ఆ బోర్డులోకి లైటు మినుకుమినుకుమనే ప్రోగ్రాము ఎక్కించినారు, పాతది చెరిగిపోయింది. ఎవరో అంటున్నాను గాని, అది నేనే.

అన్నీ పీకేసి మొదటి నుండి కట్టుదామని మా తరగతిలో కొందరి మాట. పనికిరాదు, బీరువాలో పెట్టి తాళం వేయమని వార్డెన్ సారు మాట. రెండూ నాకు ఒప్పుదల కాదు. పీకులాటలో ఇప్పటికే రెండు తీగలు ఊడినవి.

అది ఆర్డుయినో లియొనార్డో బోర్డు. పిన్నులను ఇన్‌పుట్ పుల్లప్‌గా పెడితే, లోపలి రెసిస్టరు పిన్నును 5 వోల్టుల వైపు లాగి పట్టుకుంటుంది. చదివితే 1 వస్తుంది. స్విచ్చి రెండో కాలు గ్రౌండుకు కట్టి ఉంటే, నొక్కగానే 0 అవుతుంది. మారిన పిన్ను నెంబరు తెర మీద చూపమని చిన్న ప్రోగ్రాము రాస్తే చాలు. హారను నొక్కాను, 7 అని వచ్చింది. ఎంత సంతోషమో! లైటు 4.

ముందురోజు పుల్లప్ మరిచి ఉత్త ఇన్‌పుట్ పెట్టినాను. చెయ్యి దగ్గరికి పోతే చాలు, అంకెలు పిచ్చిగా మారినవి. దెయ్యం పట్టిందన్నాడు మావాడొకడు. స్టడీ అవరంతా దానికే పోయింది. (సారు, క్షమించండి.)

బ్రేకుకు ఈ పద్ధతి కుదరదు. అది 0, 1 కాదు, 0 నుండి 1023 దాకా పోతుంది. అందుకని ఏ0 నుండి ఏ5 వరకు ఆరు పిన్నుల అంకెలు వరుసగా తెర మీద పెట్టి, బిరడా మెల్లగా తిప్పాలి. పక్క పిన్ను కూడా కొంత కదులుతుంది, మోసపోవద్దు. ఇటు చివర 0, అటు చివర 1023 చూపి, చెయ్యి ఆపితే తానూ ఆగేదే అసలుది. మనది ఏ2.

మిగతా రెండు స్విచ్చిలు ఎంత నొక్కినా పలకలేదు. యుఎస్‌బి తీగ తీసేసి మల్టీమీటరు బీప్ పెట్టి చూస్తే, మేము పీకిన తీగలు వాటివే. తప్పు అన్నలది సగం, మాది సగం.

వార్డెన్ సారు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ల్యాబు తాళం ఇప్పిస్తే వాటిని అతికిస్తాము. పిన్నుల పట్టీ ఈ కాగితం కిందనే అంటించినాను. హారను 7, లైటు 4, బ్రేకు ఏ2. రెండు గడులు ఖాళీగా ఉన్నవి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థి