కన్సోల్ తలుపు ఎవరు తీయొచ్చు?

కొత్త ప్రాజెక్టులో చేరిన మొదటి వారమే మీకో ఎక్సెల్ షీట్ వస్తుంది. ఒక కాలమ్‌లో లింకులు, పక్కన యూజర్‌నేమ్, ఆ పక్కన పాస్‌వర్డ్. "ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు" అని సీనియర్ గట్టిగా చెప్తాడు. అదే షీట్ అప్పటికే ఊరంతా తిరిగొచ్చి ఉంటుంది, అది వేరే సంగతి. ఆ లింకుల్లో దేని చివరైనా 7001 అనో, 9043 అనో, 9990 అనో కనిపిస్తే మాత్రం క్లిక్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి.

మీరు ఫోన్లో ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టినా, కంపెనీ పోర్టల్‌లో లీవ్ పెట్టినా, ఆ రిక్వెస్టు వెనకాల ఎక్కడో ఒక అప్లికేషన్ సర్వర్ దాకా వెళ్తుంది. పెద్ద కంపెనీల్లో ఎక్కువగా వినిపించే పేర్లు వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్, టామ్‌క్యాట్. కస్టమర్లు వాడేది వీటి మీద నడిచే అప్లికేషన్‌ని. ఆ అప్లికేషన్‌ని ఆపడానికి, మళ్లీ లేపడానికి, కొత్త వెర్షన్ ఎక్కించడానికి వేరే పేజీ ఉంటుంది. అదే అడ్మిన్ కన్సోల్. ఎవరూ మార్చకపోతే వెబ్‌లాజిక్‌ది 7001లో, వెబ్‌స్ఫియర్‌ది 9043లో, జేబాస్‌కి వారసుడైన వైల్డ్‌ఫ్లైది 9990లో దొరుకుతుంది. టామ్‌క్యాట్ ఇంకా విచిత్రం. అప్లికేషన్ నడిచే 8080లోనే మేనేజర్ పేజీ కూడా ఉంటుంది.

ఈ పేజీకి అంత బిల్డప్ ఎందుకంటే, టామ్‌క్యాట్ మేనేజర్‌లో 'వార్ ఫైల్ అప్‌లోడ్' అని ఒక బటన్ ఉంటుంది. వార్ ఫైల్ అంటే జిప్ చేసిన జావా అప్లికేషన్. అది అప్‌లోడ్ చేయగలిగితే మీరు రాసిన కోడ్ ఏదైనా ఆ సర్వర్ మీద నడుస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ చదవొచ్చు, పక్క మెషిన్లకి పాకొచ్చు. అంటే ఆ లాగిన్ దొరికినవాడికి సర్వర్ మొత్తం దొరికినట్టే.

"అయితే పాస్‌వర్డ్ గట్టిగా పెడితే సరి" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. 2010లో జేబాస్ పాత వెర్షన్లలో బయటపడ్డ లోపం చూడండి. బ్రౌజర్ సర్వర్‌ని రకరకాలుగా అడుగుతుంది. పేజీ కావాలంటే గెట్, ఫారం పంపాలంటే పోస్ట్, పేజీ వద్దు దాని వివరాలు చాలంటే హెడ్. జేబాస్ జేఎంఎక్స్ కన్సోల్‌లో పాస్‌వర్డ్ అడిగేది గెట్‌కి, పోస్ట్‌కి మాత్రమే. హెడ్‌తో వస్తే అడిగేవాడే లేడు! వీధి తలుపుకి రెండు తాళాలేసి దొడ్డి తలుపు బార్లా తీసినట్టు. ప్యాచ్ అదే ఏడాది వచ్చింది. అయినా 2016లో శాంసామ్ అనే రాన్సమ్‌వేర్ గ్యాంగ్ ఆసుపత్రుల్లాంటి చోట్ల చొరబడటానికి ప్యాచ్ చేయని జేబాస్ సర్వర్లనే వాడుకుంది.

2020 అక్టోబర్‌లో వెబ్‌లాజిక్ వంతు. కన్సోల్ అడ్రస్‌లో కొన్ని అక్షరాలు రెండుసార్లు ఎన్‌కోడ్ చేసి పంపితే లాగిన్ లేకుండానే లోపలికి దారి. తీవ్రత స్కోరు 10కి 9.8. ప్యాచ్ వచ్చిన కొద్ది రోజులకే దాడులు మొదలయ్యాయి. ఆ ప్యాచ్‌ని కూడా దాటొచ్చని తేలి, నవంబర్ మొదట్లో ఒరాకిల్ మరో ప్యాచ్ ఇచ్చింది. మీ పాస్‌వర్డ్ నలభై అక్షరాలున్నా ఇక్కడ ఏం లాభం? కన్సోల్ బయట నెట్‌కి అసలు కనిపించని వాళ్లు మాత్రం ప్యాచ్ వేసుకునేదాకా కాస్త నిబ్బరంగా ఉన్నారు.

అందుకే ఈమధ్య సర్వర్లు ముందే జాగ్రత్త పడుతున్నాయి. కొత్త టామ్‌క్యాట్‌లో మేనేజర్ పేజీని వేరే మెషిన్ నుంచి తెరిస్తే 403 వస్తుంది. అదే మెషిన్ నుంచైతేనే తెరుచుకునేలా ఒక కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి ఉంటుంది. మనవాళ్లేం చేస్తారు? 403ని గూగుల్‌లో కొడతారు. "ఆ వాల్వ్ లైన్ కామెంట్ చేసేయ్" అని ఎవరో చెప్పి ఉంటారు. కామెంట్ చేస్తారు, పేజీ తెరుచుకుంటుంది, టీ తాగడానికి వెళ్తారు.

నిజానికి దానికి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ చాలు. మీ ల్యాప్‌టాప్‌లోని ఒక పోర్టుని, ఎస్ఎస్‌హెచ్ మీదుగా సర్వర్‌లోని కన్సోల్ పోర్టుకి కలుపుతారు. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే కన్సోల్ వస్తుంది. బయటి ప్రపంచానికి ఆ పోర్టు లేనట్టే. ఒక్క కమాండ్, రెండు నిమిషాల పని.

దారి సంగతి సరే, లోపలికి ఏ పేరుతో వెళ్తున్నారన్నది ఇంకో తలనొప్పి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట టీమంతటికీ ఒకటే అడ్మిన్ యూజర్. ఒక రాత్రి ప్రొడక్షన్‌లో డేటాసోర్స్‌ని ఎవరో సస్పెండ్ చేశారు. అప్లికేషన్‌కి డేటాబేస్‌తో మాటల్లేవు. లాగ్ తీస్తే టైమ్ ఉంది, యూజర్ పేరు ఉంది. కానీ ఆ పేరు పదహారు మందిది. మర్నాడు మీటింగ్‌లో అందరి చూపూ నైట్ షిఫ్ట్‌లో ఉన్న కాంట్రాక్ట్ కుర్రాడి మీదే. తను చేయలేదని చెప్పుకోవడానికి అతని దగ్గర ఆధారం లేదు. చేశాడనడానికి వాళ్ల దగ్గరా లేదు. అయినా నెలాఖరుకి అతని కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు.

వెబ్‌లాజిక్‌లో మానిటర్, ఆపరేటర్, డిప్లాయర్, అడ్మిన్ అని రోల్స్ ముందే ఉన్నాయి. సర్వర్ ఆరోగ్యం చూడటానికి మానిటర్ సరిపోతుంది, పొరపాటున దేన్నీ ఆపలేరు. టామ్‌క్యాట్‌లోనూ స్టేటస్ పేజీ వరకే చూపించే రోల్ ఉంది. కాబట్టి చేరిన రోజే మీ పేరు మీద, మీ పనికి సరిపడా రోల్‌తో యూజర్ అడగండి. టికెట్ వేయమంటారు, వారం పడుతుందంటారు, "ఈలోపు షీట్‌లో ఉన్నదాంతో కానిచ్చేయ్" అంటారు. కాదనలేని పరిస్థితి ఉంటుంది, నాకు తెలుసు. అలాంటప్పుడు రెండు లైన్ల మెయిల్ పెట్టండి: నా టికెట్ నంబర్ ఇది, అది వచ్చేదాకా షేర్డ్ యూజర్ వాడమన్నారు, ఈ తేదీ నుంచి వాడుతున్నాను. సీసీలో లీడ్‌ని పెట్టడం మాత్రం మర్చిపోకండి.