పసిబిడ్డల చెవుడు: మూడవదినపు కర్తవ్యము

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఈ మూడును ఒక్క రైలుమార్గమున బెంగుళూరుతో ముడివడిన పట్టణములు. బిడ్డకు మాట రాలేదని తలిదండ్రులు పెద్దవైద్యుల నాశ్రయించుట సాధారణముగ రెండేండ్లో మూడేండ్లో నిండిన పిమ్మటనే. “కొందఱికి మాట ఆలస్యముగ వచ్చును” అను పెద్దల యోదార్పుతో అమూల్యమైన కాలము గడచిపోవును.

చెవుడంతయు నొక్క కారణమున గలుగునది కాదు. వంశపారంపర్యముగ వచ్చు కొన్ని అరుదైన జీవక్రియాలోపముల వలనను వినికిడి నశించును. వానిలో బయోటినిడేజ్ లోపము ఒకటి. బయోటిన్ అను విటమినును దేహము మరల మరల వినియోగించుకొనుటకు కావలసిన ఎంజైము ఈ బిడ్డలకు చాలదు. తొలుత శిశువు ఆరోగ్యముగనే కనబడును. పిదప మూర్ఛలు, చర్మముపై పొక్కులు, జుట్టు రాలుట, చూపు మందగించుట, చెవుడు సంభవింపవచ్చును. మందు దుర్లభమా? కాదు. దినమునకు కొన్ని మిల్లీగ్రాముల బయోటిన్ చాలును. లక్షణములు పొడసూపకమునుపే ఆరంభించి జీవితాంతము ఇచ్చినచో బిడ్డ అందఱివలెనే పెరుగును. ఆలస్యమైనచో మూర్ఛలు, పొక్కులు తగ్గును గాని, పోయిన వినికిడి సాధారణముగ తిరిగిరాదు. అల్పవ్యయముతో తొలగు ఆపద మన యుపేక్షచే యావజ్జీవ వైకల్యమగుచున్నది.

శిశువు మడమనుండి తీసిన కొన్ని రక్తబిందువులను కాగితముపై ఆరబెట్టి పరీక్షించినచో ఈ లోపము తెలియును. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 1984 లోనే ఈ పరీక్ష యారంభమయ్యెను. మన దేశమున గోవా ప్రభుత్వము 2008 లో నవజాతశిశువుల రక్తపరీక్షలకు పూనుకొనెను. చెవిపరీక్ష యొక్కటియే చాలునని తలపరాదు. పుట్టిననాడు చక్కగ వినిన చెవియే కొన్ని నెలలకు వినికిడి కోల్పోవచ్చును.

వేలలో నొక్కరికి వచ్చు వ్యాధికై ఇంత ప్రయత్నమేల యని కొందఱనవచ్చును. ఆ రక్తబిందువులతోడనే థైరాయిడ్ లోపమును గూడ కనుగొనవచ్చును. అది మన దేశమున అంత యరుదు కాదు. చికిత్స లేనిచో బుద్ధిమాంద్యమునకు హేతువగును. మఱియు మన సీమలో మేనరికములును, అక్కకూతును పెండ్లాడుటయు నేటికిని గలవు. తలిదండ్రు లిరువురును ఒకే లోపమును గుప్తముగ మోయుచున్నచో, ప్రతి కాన్పునను బిడ్డకు ఆ వ్యాధి సంక్రమించుటకు నాలుగింట నొకపాలు అవకాశము గలదు. రక్తసంబంధము దగ్గఱయైన కొలది ఆ భయము హెచ్చును. ఇది గ్రహదోషము కాదు. కోడలిని నిందించుట కేవలము అజ్ఞానము.

మ్యూకోపాలీసాకరిడోసిస్ వంటి లోపములకు ఇట్టి సులభౌషధము లేదు. ఎంజైము చికిత్సకు విశేషధనము కావలయును. అయినను చెవిలో చేరు ద్రవమును తొలగించి, శ్రవణయంత్రము నమర్చి బిడ్డకు మాటలు నేర్పవచ్చును. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద బెంగుళూరు, హైదరాబాదులలో ప్రత్యేక కేంద్రములును గుర్తింపబడినవి.

కావున ఈ మూడు పట్టణముల వైద్యశాలలలో జన్మించు ప్రతి శిశువునకును చెవిపరీక్షయు రక్తపరీక్షయు తప్పక జరుగునట్లు ప్రభుత్వము శాసింపవలయును. కాగితములను పరీక్షాశాలకు పంపు వ్యయమునకు పురపాలక సంఘములును, సంపన్నులైన భూస్వాములును, వర్తకులును తోడ్పడవలయును. రెండేండ్లు నిండిన పిమ్మట విచారించుటకంటె మూడవదినమున మేల్కొనుట బిడ్డకు మేలు, ఖజానాకును లాభము.