మరక కింద, మూలం పైన

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలోంచి కారు తీస్తే, అది నిలిచిన చోట నేల మీద రూపాయి బిళ్లంత నల్లటి మరక. నెల తిరిగేసరికి అది అరచేయంత అయింది. ఆవరణ ఊడ్చే పెద్దమ్మ 'సారూ, మీ బండి మళ్ల కారింది' అనడం, నేను నవ్వి ఊరుకోవడం ఏడాది పాటు సాగింది.

మాది జనగామ. కారు పదిహేనేళ్ల పాతది. మొదటి మెకానిక్ కిందికి దూరి చూసి, ఆయిల్ చాంబర్ బోల్టు దగ్గర తడి ఉందని వాషర్ మార్చాడు. పది రోజులకే మరక మళ్లీ కనిపించింది. రెండో ఆయన చాంబర్ ప్యాకింగ్ మార్చాడు. మూడో ఆయన ఏకంగా గేరుబాక్సు దింపి క్రాంకు వెనకుండే ఆయిల్ సీలు మార్చాడు. డబ్బయింది గానీ కారడం ఆగలేదు. చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. డిక్కీలో లీటరు డబ్బా పెట్టుకుని, తగ్గినప్పుడల్లా పోసుకోవడం!

అదెంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది. నూనె తగ్గితే లోపల బేరింగులు ఒరుసుకుని ఇంజిన్ పట్టేస్తుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగేది నూనె మట్టం తగ్గగానే కాదు, దాని ఒత్తిడి పడిపోయాక. అప్పటికే ఆలస్యమైపోతుంది. కారిన నూనె వేడెక్కిన సైలెన్సర్ గొట్టం మీద పడితే పొగ వస్తుంది, ఒక్కోసారి మంటే లేస్తుంది.

ఇంతలో భూపాలపల్లిలో మా అక్క కూతురి పెళ్లి కుదిరింది. అంత దూరం కారులో వెళ్లాలి గనుక, ఎవరో చెబితే ఒక పాత మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. ముందు ఇంజినంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి ఇంజిన్ చుట్టూ చల్లాడు. 'రఘునాథపల్లి దాకా పోయి రండి సారూ' అన్నాడు.

తిరిగొచ్చాక బానెట్ ఎత్తితే తెల్లటి పౌడరు మీద ఒకటే తడి గీత. ఇంజిన్ నెత్తిమీదుండే టాపెట్ కవరు వెనక మూల దగ్గర మొదలై, పక్కగోడ మీదుగా జారి, చాంబర్ అంచుకు చేరి బోల్టు దగ్గర బొట్టుగా వేలాడుతోంది. 'నూనె కిందికే జారుతది సారూ, బండి ఉరికితే గాలికి ఎనకకు కొట్టుకపోతది. అందుకే తడి ఉన్నకాడ గాదు, దానికి పైన, ముందట దేవులాడాలె' అన్నాడు.

'అయితే ఆ కవరు ప్యాకింగ్ మార్చెయ్యన్నా' అన్నాను. 'ఆగుండ్రి. అదెందుకు పోయిందో చూడొద్దా?' అంటూ ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పాడు. లోపల్నుంచి గాలి బుస్సుమని కొట్టింది. ఇంజిన్లో పెట్రోలు మండేటప్పుడు కొంత వాయువు పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. అది బయటపడేందుకు బ్రీదర్ గొట్టం, దానికో చిన్న వాల్వు ఉంటాయి. మా కారులో ఆ గొట్టం నల్లటి జిగురుతో పూడిపోయింది. పోయే దారి లేని గాలి లోపల ఒత్తిడిగా మారి, ఎక్కడ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడ నూనెను బయటికి తోస్తోంది. గొట్టం శుభ్రం చేసి, వాల్వు మార్చి, ఆ తర్వాతే కొత్త ప్యాకింగ్ వేశాడు. గేరుబాక్సు దింపినప్పుడు అయిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

జపాన్‌లో టయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయిచీ ఓనో 1978లో వెలువడిన తన పుస్తకంలో ఇలాంటి ఉదాహరణే ఇచ్చాడు. యంత్రం ఆగింది, ఎందుకు? భారం పెరిగి ఫ్యూజు పోయింది. భారమెందుకు పెరిగింది? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడలేదు. ఎందుకు తోడలేదు? దాని ఇరుసు అరిగింది. ఎందుకరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. మొదటి ప్రశ్నతోనే ఆగితే ఫ్యూజు మార్చి చేతులు దులుపుకుంటాం. కొన్నాళ్లకు యంత్రం మళ్లీ ఆగుతుంది.

దావీదు జీవితాన్ని ఇలా వెనక్కి అడుగుతూ వెళ్లి చూడండి. ఊరియా ఎందుకు చచ్చాడు? రాజు పాపం దాచుకోవడానికి. ఆ పాపమెందుకు జరిగింది? మిద్దె మీద నుంచి చూసిన చూపు వల్ల. ఆ వేళ రాజు మిద్దె మీదెందుకున్నాడు? సైన్యమంతా యుద్ధంలో ఉంటే తాను యెరూషలేములో ఉండిపోయాడు గనుక. హత్య అనే మరక కింద కనిపించింది గానీ తడి మొదలైంది చాలా పైన. నాతాను గొర్రెపిల్ల కథ చెప్పాకే దావీదుకు తన గీత కనిపించింది. ఆ కథ తెల్లటి పౌడరు లాంటిదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడాదిగా నేనూ కారుతూనే ఉన్నాను. అన్నం మెత్తబడిందని భార్య మీద అరిచాను. సంఘ కమిటీలో లెక్కల దగ్గర కోశాధికారితో గొడవపడ్డాను. కోపం తగ్గాలని ఉపవాసాలున్నాను, చివరికి కమిటీలోంచే తప్పుకున్నాను. అవన్నీ ప్యాకింగులే! మహబూబాబాద్‌లో ఉంటున్న నా తమ్ముడితో మూడేళ్లుగా మాటల్లేవు. నాన్న పోయాక పొలం గెట్టు దగ్గర మొదలైన తేడా అది. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేదు, ప్రార్థనలో కూడా దాటేశాను. దారి మూసుకుపోయిన ఆ ఒత్తిడే ఇంట్లో, సంఘంలో బలహీనమైన చోటల్లా బయటపడింది.

మన సంఘాల్లోనూ ఇదే చూస్తున్నాం. గొడవొస్తే కమిటీని మారుస్తాం, కాపరిని మారుస్తాం, అదీ కాకపోతే పక్క వీధిలో మరో సంఘం పెడతాం. రెండేళ్లకు అక్కడా అదే మరక! లెక్కలు అందరి ముందూ చదవని చోట, ప్రశ్న అడిగినవాణ్ని విరోధిగా చూసే చోట, ఎంతమందిని మార్చినా కారడం ఆగదు. మనసులో మాట నెమ్మదిగా చెప్పుకునే దారి తెరవడం సంఘాన్ని బలహీనపరచదు, కాపాడుతుంది. మరక చూపించిన ఊడ్చే పెద్దమ్మ నాకు శత్రువు కాదు. ఆమె మాట మొదటి వారమే విని ఉంటే నాకింత ఖర్చయ్యేది కాదు.

అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:23,24). ఆ వాక్యం మీద నేనే ఎన్నోసార్లు మాట్లాడాను. పెళ్లికి రెండు రోజుల ముందు తొర్రూరు మీదుగా మహబూబాబాద్ వెళ్లాను. తలుపు తీసిన తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. 'తప్పు నాది కూడా ఉందిరా' అన్నాను. 'లోపలికి రా అన్నా' అన్నాడు. పొలం విషయం ఇంకా తేలలేదు, గెట్టు మళ్లీ కొలిపించాలి. కానీ మర్నాడు ఇద్దరం ఒకే కారులో బయల్దేరి, పరకాల దాటాక బొగ్గు టిప్పర్ల నడుమ మాట్లాడుకుంటూనే భూపాలపల్లి చేరాం.

తెల్లవారి లేచి కారు కింద చూశాను. నేల పొడిగా ఉంది. ఇప్పుడు చర్చిలో ఆ పెద్దమ్మ నా కారు కింద చూడటం మానేసింది. నేను మాత్రం మానలేదు, నా మాటల కింద కూడా అలాగే వంగి చూసుకుంటున్నాను. మీ ఇంట్లో, మీ సంఘంలో పదేపదే పడుతున్న మరక ఉందా? నేల కడగడం కాసేపు ఆపి, తల పైకెత్తి చూడండి.