తాళం వేసిన బీరువా

మన పాఠశాలల్లో చాలాచోట్ల గ్రంథాలయమంటే ప్రధానోపాధ్యాయుని గదిలోని ఇనుప బీరువా. దానికి తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో పిల్లలకు తెలియదు. తనిఖీకి అధికారులు వచ్చిన రోజున మాత్రం తలుపులు తెరుచుకుంటాయి. అయినా 'ఈ కాలపు పిల్లలు పుస్తకం ముట్టరు' అని పెద్దలం నిట్టూరుస్తూ ఉంటాం. చేతికందని పుస్తకాన్ని చదవలేదని తప్పుపట్టడం న్యాయమేనా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని పిల్లలకు బస్సు మీది ఊరి పేరు, దుకాణం పేరు, సినిమా గోడపత్రిక తెలుగులోనే కనిపిస్తాయి. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పెరిగే మీకు ఆ వీలు తక్కువ. పైగా మీలో చాలామందికి పదో తరగతితోనే తెలుగు చదువు ముగిసిపోతుంది. ఆలోగా పుస్తకం మీద ఇష్టం కలగకపోతే నేర్చుకున్న అక్షరాలు కూడా క్రమంగా మరుగున పడతాయి. అందుచేత ఆ బీరువా సంగతి మనకు చిన్న విషయం కాదు.

తాళం తీస్తే పుస్తకాలు పోతాయని ఉపాధ్యాయులు భయపడతారు. లెక్క చెప్పవలసింది వారే కాబట్టి ఆ భయం సహజమే. కాని తమిళనాడులోని శీర్కాళిలో పుట్టి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు గ్రంథాలయ సూత్రాలను ప్రకటించారు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది వాటిలో మొదటిది. అట్టలు నలిగిన పుస్తకాలు ఉన్న బీరువాను చూస్తే నాకైతే సంతోషమే కలుగుతుంది.

ఇక ఏ పుస్తకాలు ఉండాలి? నీతికథలు, మహనీయుల జీవితచరిత్రలు మంచివే. కాని అవి మాత్రమే ఇచ్చి పద్నాలుగేళ్ల వాడిని చదివించలేం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశం మొగల్తూరు నుంచి బారిష్టరు చదువుకు బయలుదేరి పడిన అవస్థలు చదివి పకపకా నవ్వనివ్వండి. ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు'ను బాపు బొమ్మల కోసమే తెరిచినా నష్టమేమీ లేదు.

'మా ఇంటి తెలుగు వేరు, పుస్తకం తెలుగు వేరు' అని మీలో కొందరు వెనుదీస్తారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు జిల్లా పల్లె మాటల్లోనే నడుస్తుంది. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' పులికాట్ సరస్సు దీవుల్లోని తెలుగును వినిపిస్తాయి. ఇంట్లో అవ్వ పలికే మాట అచ్చులో కనబడితే, పుస్తకమంటే ఉన్న బెరుకు చాలావరకు పోతుందని నా నమ్మకం.

చదివిన ప్రతి పుస్తకానికీ సారాంశం రాయమనే పద్ధతి మానుకోవాలి. అది చదువును పరీక్షగా మారుస్తుంది. నచ్చని పుస్తకాన్ని సగంలో తిరిగి ఇచ్చే స్వేచ్ఛ కూడా ఉండాలి. పెద్దలకు లేదా ఆ స్వేచ్ఛ?

వారానికి రెండు రోజులు మధ్యాహ్న విరామంలో ఇద్దరు విద్యార్థులు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవచ్చు. గీతలు గీసిన ఒక నోటుపుస్తకం చాలు. ఆ బాధ్యత మేం చూసుకుంటామని మీ ఉపాధ్యాయులతో మీరే చెప్పండి. అడగడానికి వెళ్లేటప్పుడు మీకు కావలసిన పుస్తకం పేరు కూడా చెప్పండి. బీరువాలో అది లేకపోతే, ఈసారి కొనవలసిన వాటిలో రాసుకుంటారు.