చివరి కూతలో ప్రార్థన

మన విజయనగరం పల్లెల్లో కబడ్డీ చివరి కూతకు వెళ్లే కుర్రవాని పెదవులు కదలడం మీరు చూసే ఉంటారు. బంతిని చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్‌లో అలాంటి ఆఖరి విసురుకు ‘హెయిల్ మేరీ’ అని పేరు. అది రోమన్ కథోలికుల ప్రార్థన. మనం చేసేది కాదు, సరే.

1975 డిసెంబరు 28న డల్లాస్ జట్టు మిన్నెసోటా కంటే 14-10తో వెనుకబడింది. అర నిమిషమే మిగిలింది. స్టాబాక్ దూరంగా విసిరిన బంతిని పియర్సన్ పట్టాడు, 17-14తో గెలిచారు. కళ్లు మూసుకొని ఆ ప్రార్థన చేశానని స్టాబాక్ చెప్పగా పేరు నిలిచిపోయింది. పియర్సన్ తోశాడని ఓడినవారి ఫిర్యాదు.

ఓడిన జట్టులో బంతి విసిరే టార్కెంటన్ తండ్రి దైవసేవకుడు. టీవీలో ఆ ఆట చూస్తూనే గుండెపోటుతో మరణించాడు. కొడుక్కి ఆట ముగిశాకే తెలిసింది. గెలిచినవారి సాక్ష్యాలు మన సంఘాల్లో చప్పట్లతో వింటాము గానీ, ఆ రాత్రి ఆ ఇంటికి వెళ్లిన పాస్టరు ఏమని ప్రార్థించి ఉంటాడోనని మేము ఆలోచిస్తుంటాము.