ప్రక్రియల పట్టికయా, సాహిత్యమా?

డిగ్రీ తరగతులలో అడుగిడిన మన బాలబాలికలకు తెలుగు పేర నేర్పబడుచున్న దానిని గూర్చి మేము కొంత నిష్ఠురముగనే పలుకవలసి యున్నది. కవిత, కథానిక, నవల, నాటకము, విమర్శ అని విభాగములు. ఒక్కొక్కదానికి నిర్వచనము, లక్షణములు, పుట్టుపూర్వోత్తరములు, పేరుగన్న నలుగురి నామధేయములు. పరీక్షకు ముందు వారముదినములు గైడు పుస్తకము తిరుగవేసిన విద్యార్థి వీనినెల్ల ఒప్పగింపగలడు. నవల యననేమో రెండు పుటలు నింపగలడు. ఒక్క నవలనైన తుదముట్ట చదివితివా యని యడుగుడు, తల వంచుకొనును. తప్పు వానిది కాదు. చదువుమని వాని నెవ్వరును నిర్బంధింపలేదు. కథాసంగ్రహముతోనే పని గడచిపోవుచున్నది.

ఇది స్వల్పవిషయ మనువారు కలరు. వాణిజ్యశాస్త్రమో కంప్యూటరు శాస్త్రమో చదువవచ్చిన కోనసీమ బాలునికి ఇదియే కడపటి తెలుగు పాఠము. పిమ్మట వాడు హైదరాబాదునకో, కువైటునకో పోవును. జీవితకాలమునకు సరిపడ మనము కట్టియిచ్చు మూట ఇదియొక్కటే. ఆ మూట విప్పిన సరకుల పేర్ల చీటీలు మాత్రమే కనబడునేని, వాడు మనల నేమనుకొనవలయును?

న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక మా యెఱిగిన ముచ్చట యొకటి చెప్పెదము. పైన క్రయదస్తావేజు అని వ్రాసి, పైకము తిరిగి చెల్లించినచో భూమిని మరల వ్రాసి యిత్తుమను షరతును లోపల చేర్చిన పత్రములు కలవు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 58వ సెక్షను క్రింద అట్టిది తనఖా కావచ్చును. న్యాయాధిపతి శీర్షిక చూచి తీర్పు చెప్పడు. ఆసాంతము చదివి, ఉభయుల ఉద్దేశ మేమో తేల్చి, క్రయమో తనఖాయో నిర్ణయించును. పేరును నమ్మి ఊరకున్న రైతునకు తోట దక్కదు.

సాహిత్యమునను అంతియే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ రాజశేఖర చరిత్రమునకు పెట్టిన పేరు వచన ప్రబంధము. నవల యను మాట పిమ్మట వచ్చి దానికి అతుకుకొన్నది. పేరు మారెను గాని గ్రంథము మారలేదు. తొలి తెలుగు కథానిక 1910 నాటి గురజాడవారి దిద్దుబాటా, 1902 నాటి భండారు అచ్చమాంబగారి ధన త్రయోదశియా యని పండితులు వాదులాడుచుందురు. గైడు పుస్తక మొక పేరు అచ్చువేసి చేతులు దులుపుకొనును. రెండు కథలను బాలుర చేతబెట్టినచో కథానిక యననేమో వారే తగవులాడి తేల్చుకొందురు. పదిపుటల కథ చదువుటకు ఎంతసేపు పట్టును? ద్విపద, ఉదాహరణము, యక్షగానము, హరికథ, బుర్రకథ మున్నగు మన సొంత ప్రక్రియలనో, గైడులు పేర్ల వరుసతోనే సాగనంపుచున్నవి. వానిని తీర్థములలో తెల్లవార్లు కూర్చుండి విన్న తాతలకు తెలిసినంతయు మనుమలకు తెలియదు.

ప్రక్రియాభేదము నేర్పవలదని మా వాదము కాదు. మామిడికుదురున పుట్టిన బోయి భీమన్నగారు 'పాలేరు'ను నాటకముగా వ్రాసిరి. ప్రబంధముగా వ్రాసియుండినచో పాలేరును గూర్చి మరియొకడు వర్ణించి చెప్పవలసియుండెడిది. నాటకము గనుక పాలేరు దీపముల వెలుగున, ఊరివారందఱి యెదుట నిలిచి తన నోటనే మాటలాడెను. నాటక మననేమో తెలియుటకు ఇంతకంటె లక్షణగ్రంథ మేల? ఆ కవియే రచించిన 'గుడిసెలు కాలిపోతున్నాయి' 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందెను. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున ఇండ్లు కాలెను. ఆ కావ్యమును అట్టనుండి అట్టవఱకు చదివిన పట్టభద్రులు ఈ పట్టణమున ఎందరని మేమడుగుచున్నాము.

ఇక మన ముంగండ మాట. రసగంగాధర కర్తయైన జగన్నాథ పండితరాయలు ఆ యూరివాడని ప్రతీతి. కావ్యమునకు లక్షణము చెప్పిన వారిలో అగ్రగణ్యుడు. ఐనను స్వరచిత శ్లోకములనే లక్ష్యములుగా జూపి లక్షణములను నిరూపించిన ఘనుడు. లక్ష్యము లేని లక్షణము ఆయన యెదుట ఒప్పగించిన విద్యార్థి ఏమగునో ఊహించుకొనవచ్చును! సహాయ నిరాకరణ దినముల కోనసీమను చూపిన 'కొల్లాయిగట్టితేనేమి?' నవలా రచయిత మహీధర రామమోహనరావుగారిదియు ఆ యూరే.

కాలము చాలదని అధ్యాపకు లందురు. నిర్వచనములకు పోవు కాలమును మిగుల్పుడు, చాలును. ఒక నవల, ఒక నాటకము, రెండు కథలు, ఒక శతకము, ఒక బుర్రకథ పూర్తిగ చదివింపుడు. పుస్తకము చదువనివాడు వ్రాయలేని ప్రశ్న నొకదానిని పరీక్షాపత్రమున తప్పనిసరి చేయుడు. ప్రతులు లేవను సాకు వినబడకుండ, అమలాపురము, రాజోలు, కొత్తపేటల పఠనమందిరముల వారు ఈ గ్రంథములను పది పది ప్రతులు కొని, కళాశాలలు తెఱచులోపల బల్లలపై నుంచవలయును.