సింకులో పోస్తే పోయినట్టేనా?

"మన ల్యాబులో అంత ఏముంటుందండీ? కుళాయి తిప్పి నాలుగు నీళ్ళు వదిలితే సరి." మేడ్చల్ వైపు కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పే మిత్రుల దగ్గర ఎప్పుడు ఈ ప్రస్తావన తెచ్చినా ఇదే జవాబు. కాలుష్యమంటే పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీలది. మనది చదువు వ్యవహారమని ధీమా. వేసిన లెక్క లేదు. లెక్కల్లో దశాంశం తప్పితే మార్కులు కోసేది మాత్రం వీళ్ళే.

సరే, లెక్కే వేద్దాం. బీటెక్ మొదటేడులో డైక్రోమేట్‌తో ఇనుమును కొలిచే టైట్రేషన్ ఉంటుంది. నేను చూసిన ఒక ల్యాబులో గంట కొట్టగానే పిల్లలు బ్యూరెట్లను సింకు మీద వంచేసేవారు. తెల్ల పింగాణీ మీద నారింజ చార జారి జాలీలోకి దిగేది. వెనకే అటెండరు వచ్చి కుళాయి తిప్పేవాడు. ఒక్కో బ్యూరెట్‌లో మిగిలింది 10 మిల్లీలీటర్లే అనుకోండి. ద్రావణం 0.1 నార్మల్ అయితే అందులో క్రోమియం సుమారు 17 మిల్లీగ్రాములు. తాగేనీళ్ళలో లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. 30 బ్యూరెట్ల మిగులును ఆ హద్దులోకి తేవాలంటే 10,000 లీటర్ల పైచిలుకు నీళ్ళు కావాలి. అంటే రెండు పెద్ద ట్యాంకర్లు, ఒక్క బ్యాచికి, ఒక్క పూటకి! "నాలుగు నీళ్ళు" అన్నాయన ట్యాంకర్ పిలిపించడం నేనైతే చూడలేదు.

పైగా అది హెక్సావాలెంట్ క్రోమియం. ఊపిరితో లోపలికి పోతే క్యాన్సర్ తెస్తుందని తేలినది. మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ ఉంది కదా అంటారు. అక్కడ పనిచేసేవి సూక్ష్మజీవులు. అవి మురుగును తింటాయి గాని లోహాన్ని మాయం చెయ్యలేవు. అది బురదలో చేరుతుంది, లేదంటే శుద్ధి చేశామనుకున్న నీళ్ళతో లాన్‌లోకి పోతుంది. ఇంకుడు గుంతే ఉన్నచోట తిన్నగా భూమిలోకే.

అన్నిటికీ డ్రమ్ములు పెట్టమని నా వాదన కాదు. ఉప్పునీళ్ళు, తటస్థం చేసిన పలచటి ఆమ్లం సింకులోకి పోతే పోనివ్వండి. డైక్రోమేట్‌కి మాత్రం విరుగుడు అదే బల్ల మీద ఉంది: మిగిలిపోయిన ఫెర్రస్ ద్రావణం. ఆమ్లం సమక్షంలో రెండూ సరిపడా కలిపితే నారింజ పోయి ఆకుపచ్చ వస్తుంది. సున్నం వేస్తే క్రోమియం మడ్డిలా అడుగుకు దిగుతుంది. వైవాలో పిల్లల్ని అడిగే సమీకరణం ఇదే కదా!

ఆ మడ్డి ఎక్కడికి? దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, మేడ్చల్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఎంతో దూరం లేదు. "ఆ రూల్స్ ఫ్యాక్టరీలకండీ" అనేవాళ్ళు 2016 నాటి నిబంధనలు ఒకసారి తిరగెయ్యాలి. ఫ్యాక్టరీతోపాటు ప్రాంగణం అనే మాట అందులో ఉంది. వ్యర్థం ఎవరి దగ్గరుంటే బాధ్యత వాళ్ళది. నిల్వకు గడువు 90 రోజులు. ఒక్క కాలేజీకి అంతలో డ్రమ్ము నిండదన్నది మాత్రం నిజమే. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో పదిమంది కలిసి ఒక బండి మాట్లాడుకునే దారి వెతకొచ్చు. ఫెస్టులకు కలవడంలేదా?

ఈ పిల్లల్లో కొందరు రేపు శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలోనే ఉద్యోగానికి చేరతారు. ఇవాళ్టి వాళ్ళ రికార్డు బుక్కులో ఉద్దేశం, సూత్రం, విధానం, ఫలితం అన్నిటికీ చోటుంది. మిగిలిన డైక్రోమేట్ ఏమైందో రాయడానికి ఒక్క గీతైనా లేదు.